గోదావరి యొడ్డున రెండు కోతిజాతులు

జంతువుల నడవడి యెట్లేర్పడును? అది పుట్టుకతో వచ్చునదా, చూచి నేర్చుకొనునదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. మన రామగుండము గోదావరికి దక్షిణపుటొడ్డున నున్నది. వంతెన దాటినచో మంచిర్యాల. తూర్పువైపున రెండు కోతిజాతులకు ఈ నదియే పొలిమేర యని జంతుశాస్త్రజ్ఞులు చాలకాలము చెప్పుచు వచ్చిరి. ఉత్తరమున నుండునది రీసస్ కోతి. దాని తోక పొట్టి. దక్షిణమున నుండునది బానెట్ కోతి. దాని తోక శరీరముకంటె పొడుగు, నడినెత్తిన వెండ్రుకలు టోపీవలె పరచుకొనియుండును.

రెండు జాతులును గుంపులుగా బ్రదుకును. ఆడువి పుట్టిన గుంపులోనే యుండును; మగవి యీడు వచ్చిన పిదప వేఱు గుంపులకు పోవును. ఇందువలన దగ్గఱి బంధువుల నడుమ సంతానము కలుగుట తగ్గును. గుంపులో తిండికి పోటీ యెక్కువ. కావున కోతి దొరికినదానిని గబగబ బుగ్గసంచులలో కుక్కుకొని, భయములేని చోటికి పోయి నమలును. ఏ నడవడి గల ప్రాణులు ఎక్కువగా బ్రదికి యెక్కువ పిల్లలను పెంచునో, ఆ నడవడి పుట్టుకతో వచ్చునదైనచో తరతరములకు జాతిలో వ్యాపించును. దీనినే ప్రకృతి వరణ మందురు.

అయినను రెండింటి స్వభావ మొకటి కాదు. రీసస్ గుంపులో పెద్దచిన్నల తారతమ్యము కఠినము. తల్లి హోదానుబట్టి కూతురి హోదా. బానెట్ కోతులలో ఓర్పు హెచ్చు. పెద్ద మగకోతులు సైతము పక్కపక్కను గూర్చుండి యొకదాని మేని నొకటి శుభ్రము చేసికొనును.

పుట్టుకతో వచ్చినదానికి నేర్చినదియు తోడగును. కర్ణాటకములోని బందీపురమున బానెట్ కోతులు మనుష్యుల వైపు చేయి చాచి, మెల్లగా కూతపెట్టి తిండి యడుగుచున్నవని అనింద్య సిన్హా మొదలగు పరిశోధకులు 2018లో ప్రకటించిరి. అడవిలో రావి, మేడి పండ్లకై దినమెల్ల తిరుగవలసిన కోతికి, బాటప్రక్క ఒక్క పిడికెడు పల్లీలు ఎంత లాభము! ఆ చేయి చాచుట నేర్పినది మన చేయియే.

ఇపుడు ఆ పాత పొలిమేర చెరిగిపోవుచున్నది. రీసస్ కోతులు గోదావరి దాటి దక్షిణమునకు వ్యాపించుచు, బానెట్ కోతుల తావుల నాక్రమించుచున్నవని 2011లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. బానెట్ కోతి దక్షిణ భారతద్వీపకల్పమున దప్ప లోకమున మఱెక్కడను స్వస్థలముగా లేదు. ఇచ్చట నశించినచో అది యికలేనట్లే. ఒకచోట పట్టిన కోతులను మఱొకచోట విడుచుటవలన ఈ చిక్కు హెచ్చును గాని తగ్గదు. చేనిలో మక్కకంకులు, పల్లీలు పోగొట్టుకొను రైతు కష్టమును చిన్నది కాదు. కోతులకు సంతాననిరోధ చికిత్స చేయుటకై నిర్మల్ దగ్గఱ చించోలిలో 2020లో ఒక కేంద్రము తెరవబడినది.

విద్యార్థులారా! బొగ్గుబావుల క్వార్టర్ల నడుమ కోతికి మనమే పరిసరము. భక్తితోనైనను వేడుకకైనను తిండి పెట్టకుడు, ఎంగిలి కూడు బయట పారవేయకుడు, రాళ్లు రువ్వకుడు. దూరమున నిలిచి, ఒక నెల దినములు తోక పొడుగును, తలవెండ్రుకలను, ఏది యెవరికి దారి విడుచుచున్నదో దానిని నోటుపుస్తకమున వ్రాయుడు. మన వాడకట్టున నున్నది ఏ జాతియో ఆ పుస్తకమే మీకు చెప్పును.