తెరుచుకునే తలుపు – నమూనా కారు నిర్మాణంలో ఒక పాఠం

కురవి వీరభద్రస్వామి జాతరలో పిల్లలకు కొనిపెట్టే బొమ్మకారుకు నాలుగు చక్రాలుంటాయి, కిటికీలుంటాయి, తలుపులు గీతల రూపంలో ఉంటాయి. అవి తెరుచుకోవు కనుక లోపల ఏముందని ఎవరూ అడగరు. ఆ గీతను నిజమైన తలుపుగా మార్చబోయిన క్షణం నుండి ప్రశ్నలు మొదలవుతాయి. మడతబందు ఎక్కడ పెట్టాలి? తలుపు మందం ఎంత? తెరిస్తే కనబడే సీటు ఎంత ఎత్తున ఉండాలి? జవాబులన్నీ అసలు కారు దగ్గరకు వెళ్లి కొలిచి తెచ్చుకోవలసినవే. అందుచేత తలుపు తెరుచుకునే నమూనా ఒక కొలతల గ్రంథం వంటిదని చెప్పవచ్చు.

"గిదేందన్నా, డిగ్రీ చదువుకుంట బొమ్మలాట?" అని హాస్టల్ మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. బ్రిటన్‌లో 1956లో మొదలైన కోర్గీ బొమ్మకార్లు కిటికీలకు అద్దాలు పెట్టి పేరు తెచ్చుకున్నాయి. 1965లో అదే సంస్థ విడుదల చేసిన జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్‌లో మీట నొక్కితే కప్పు తెరుచుకొని సీటులోని మనిషి ఎగిరి బయట పడేవాడు. జెరాల్డ్ వింగ్రోవ్ అనే ఆంగ్ల శిల్పి ఇత్తడి మొదలైన లోహాలతో ఒక్కొక్క భాగాన్నీ చేతితో చేసి, 1/15 స్కేలులో కార్లు నిర్మించి ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. ఆయన వాడిన ఇత్తడి రేకు మనకు కొత్తది కాదు. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఆ రేకు పనికే పేరుపొందిన ఊరు.

ఏ కారు? ఏ స్కేలు?

మన పాఠానికి అంబాసిడర్‌ను తీసుకుందాం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా 1950ల చివర హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్‌లోని ఉత్తర్‌పాడలో దీని తయారీ ప్రారంభించారు. 2014లో ఆ తయారీ ఆగిపోయింది. దాని పొడవు సుమారు 4325 మి.మీ., వెడల్పు 1662, ఎత్తు 1593, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2464. వీటిని 24తో భాగిస్తే 1/24 స్కేలులో మన కారు పొడవు 180 మి.మీ., వెడల్పు 69, ఎత్తు 66, ఇరుసుల దూరం 102.7 మి.మీ. అవుతాయి. అరచేతి కన్నా కొంచెం పెద్దది. చేతికి అందే పని.

అయితే ఒక చిక్కు ఉన్నది. పొడవు, వెడల్పులు భాగహారానికి లొంగినట్లు మందం లొంగదు. కారు రేకు మందం సుమారు 0.8 మి.మీ. అనుకుంటే నమూనాలో 0.03 మి.మీ. రావాలి. మనం రాసుకునే కాగితమే దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది! తలుపు చుట్టూ ఉండే సందు అసలు కారులో 5 మి.మీ. ఉంటే నమూనాలో 0.2 మి.మీ. మాత్రమే. కనుక రేకు మందాన్ని యథాతథంగా తగ్గించలేము. బయటికి కనబడే అంచును మాత్రం ఆకురాయితో లోపలివైపు ఏటవాలుగా అరగదీసి, సన్నగా ఉన్నట్లు కనిపించేలా చేస్తాము.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజి పట్టి రికార్డు నింపి మరచిపోయినవారు ఇక్కడ వాటిని మళ్లీ చేతిలోకి తీసుకోవాలి. వెర్నియర్ 0.1 మి.మీ. వరకు చెబుతుంది, స్క్రూగేజి 0.01 వరకు. మన సందు 0.2 మి.మీ. అయినప్పుడు ఈ రెండింటి తేడా ఏమిటో పుస్తకం చెప్పనంత బాగా బోధపడుతుంది.

సామగ్రి

ఖరీదైన హాబీ దుకాణాలు జనగామలో లేవు, మహబూబాబాద్‌లో లేవు, భూపాలపల్లిలోనూ లేవు. కావలసినవి మాత్రం దాదాపు అన్నీ ఉన్నాయి. తలుపులకు 28 లేక 30 గేజి ఇత్తడి రేకు చాలు. మందం 0.38, 0.32 మి.మీ. ఉంటుంది. లోపలి తొడుగులకు ఆఫ్‌సెట్ ప్రెస్సులో వాడి పారేసే అల్యూమినియం ప్లేట్లు బాగుంటాయి. కత్తెరకు తెగుతాయి. బావి మోటార్లకు వైండింగ్ చేసే దుకాణంలో రకరకాల గేజీల రాగి తీగ ముక్కలు దొరుకుతాయి. మందుల షాపులో 18 గేజి సూది కొత్తది కొంటే, దాని గొట్టం మడతబందుకు పనికివస్తుంది. లోపలి రంధ్రం సుమారు 0.84 మి.మీ. ఉంటుంది. వాడిన సూదులను మాత్రం ముట్టరాదు. ఇవి కాక అరల్డైట్, టంకం, సన్న రంపం, ఆకురాళ్లు. ఫిట్టర్ ట్రేడు చదివిన ఐ.టి.ఐ. మిత్రుడు ఒకడు తోడుంటే పని సగమైనట్లే.

తలుపు కోయడం

కారు బాడీ కొయ్య అచ్చు మీద కొట్టిన రేకైనా కావచ్చు, కొన్న బొమ్మదైనా కావచ్చు. కోయడానికి ముందే లోపల అడ్డంగా రెండు దబ్బలు అతికించాలి. తలుపులు తీసేసిన బాడీ వెన్నెముక లేని మనిషిలా మెలితిరుగుతుంది. గాయమయ్యాక కట్టు కట్టడం కన్నా ముందే కట్టడం మేలు.

రంపం కోత 0.4 మి.మీ. ఉన్నదనుకుందాం. అంటే అసలు కారులో దాదాపు ఒక సెంటీమీటరు సందు! అందువల్ల కోసిన ముక్కనే తలుపుగా వాడితే వదులవుతుంది. ఆ ముక్కను కొలతకు మాత్రం ఉంచుకొని కొత్త రేకుతో తలుపు చేసుకోవాలి. రేకును రంధ్రం కన్నా కొంచెం పెద్దదిగా కత్తిరించి, సరిపోయేవరకు ఆకురాయితో తగ్గిస్తూ రావాలి. తగ్గించడం మన చేతిలో ఉన్నది, పెంచడం లేదు.

అంబాసిడర్ తలుపు బల్లపరుపు కాదు, మధ్యలో మెత్తగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు తేవడంలో పెంబర్తి పద్ధతి మనకు గురువు. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క మిశ్రమం పరచిన పలకపై అంటించి, వెనుక నుండి ఉలులతో తట్టి రూపాన్ని పైకి తెస్తారు. లక్క రేకును పట్టుకుంటుంది, దెబ్బకు తగినంత లొంగుతుంది కూడా. ఆ రెండు గుణాలూ కలవడమే రహస్యం. గట్టి ఇనుప దిమ్మె మీద కొడితే రేకు సాగి ముడతపడుతుంది, మెత్తని దిండు మీద కొడితే అంతా గుంటపడుతుంది. తట్టిన కొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. అప్పుడు దానిని మసక ఎరుపు వచ్చేవరకు కాల్చి చల్లార్చాలి. మళ్లీ మెత్తబడుతుంది. లోహశాస్త్రంలో ఇదొక అధ్యాయం. పెంబర్తిలో రోజువారీ పని.

మడతబందు – అసలు పాఠం

ఇంటి తలుపుకు మడతబందు బయటికి కనబడుతుంది. కారు తలుపుకు అది లోపల దాగి ఉండాలి. చిక్కంతా ఇక్కడే. తలుపు ముందు అంచుకు సరిగ్గా వెనుక, రేకుకు 2 మి.మీ. లోపల ఇరుసు పెట్టామనుకోండి. తలుపు తిరగగానే ఆ అంచు మడ్‌గార్డు వైపు జరుగుతుంది. జరిగే దూరం ఇరుసు లోతును కోణపు సైన్‌తో గుణిస్తే వస్తుంది. సందు 0.3 మి.మీ. అయితే 0.3ను 2తో భాగించగా సైన్ 0.15. అనగా సుమారు 9 డిగ్రీలకే తలుపు బిగుసుకుంటుంది! ఇరుసును రేకుకు 0.5 మి.మీ. దగ్గరికి తెస్తే 37 డిగ్రీల వరకు వస్తుంది. మేలే గాని చాలదు.

పరిష్కారం ఏమిటి? ఇరుసును తలుపు అంచు కన్నా 3 మి.మీ. ముందుకు, అనగా మడ్‌గార్డు చాటుకు జరపాలి. అప్పుడు అంచు ముందుకు జరుగుతూనే బయటికీ లేస్తుంది. లోతు అదే 2 మి.మీ. ఉన్నా, 0.3 మి.మీ. మందం గల అంచు 6 డిగ్రీలు తిరిగేసరికి మడ్‌గార్డు పైకి వచ్చేస్తుంది. ఆలోగా ముందుకు జరిగేది 0.2 మి.మీ. మాత్రమే. సందు సరిపోయింది. అయితే తలుపు లోపలి మందం ఈ ముందు అంచు దగ్గర పూర్తిగా ఉండరాదు. దానిని ఏటవాలుగా తగ్గించాలి.

ఇరుసును తలుపుతో కలిపే చేతిని సూటిగా పెడితే తెరిచినప్పుడు మడ్‌గార్డు అంచుకు తగులుతుంది. కనుక 0.7 మి.మీ. ఇత్తడి తీగను హంస మెడలా లోపలికి వంచి, చివరను కిందికి మలచి సూది గొట్టంలో దింపాలి. పైనొకటి, కిందొకటి. రెండు చివరలూ కిందికే ఉంటే, తీగ కదిలే చీలికను కాస్త పొడవుగా ఉంచుకున్నప్పుడు, తెరిచిన తలుపును పైకెత్తి ఊడదీయవచ్చు. రంగు వేసేటప్పుడు దీని సుఖం తెలుస్తుంది.

గొట్టం 0.84, తీగ 0.71. మధ్య వదులు 0.13 మి.మీ. అది ఎంతలే అనిపిస్తుంది. తలుపు పొడవు 38 మి.మీ., రెండు మడతబందుల మధ్య దూరం 10 మి.మీ. అయితే తలుపు వెనుక కొస దాదాపు 0.5 మి.మీ. వేలాడుతుంది. ఆ దూరాన్ని 20 మి.మీ.కు పెంచితే సగానికి తగ్గుతుంది. రెంటినీ వీలైనంత ఎడంగా పెట్టడం, ఒకే నిట్టనిలువు గీత మీద ఉంచడం తప్పనిసరి. బాడీ వంపును అనుసరించి ఒకటి లోపలికి, ఒకటి బయటికి పెడితే తలుపు తిరగనే తిరగదు.

లోహం ముట్టుకునే ముందు ఇదంతా గ్రాఫు కాగితం మీద పదిరెట్లు పెద్దగా గీసి, అట్టముక్క తలుపును గుండుసూదితో గుచ్చి తిప్పి చూడండి. పది నిమిషాల పని. పది రోజుల విసుగు తప్పుతుంది.

లోపలి అలంకరణ

తలుపు తెరిచాక చూపు నేరుగా లోపలికి పోతుంది. పాత అంబాసిడర్‌కు ముందు కూడా ఒకే పొడవాటి సీటు. గేరు కర్ర స్టీరింగు కింద ఎడమవైపున ఉంటుంది. తరువాతి కాలపు 1800 ఐ.ఎస్.జెడ్. కార్లలో ముందు విడి సీట్లు, నేల మీద గేరు వచ్చాయి. ఏ సంవత్సరపు కారో ముందే నిర్ణయించుకోవాలి. లేకుంటే ఒక కారు తలుపులో మరో కారు కడుపు కనబడుతుంది.

సీటుకు నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర అనుకూలం. తేలిక, మెత్తన. పైన గుడ్డ వేయరాదు. నూలు పోగు మందాన్ని 24 రెట్లు పెంచి ఊహించుకోండి, ఖద్దరు కూడా గోనెసంచిలా కనిపిస్తుంది. సన్న కాగితాన్ని జిగురుతో అంటించి మసక రంగు వేస్తే రెగ్జిన్‌ను మరిపిస్తుంది. సీటు అంచు కుట్టుకు సన్న రాగి తీగ చాలు. అసలు స్టీరింగు వ్యాసం 40 సెం.మీ. ఉంటే మనకు 17 మి.మీ. అదే కొలత గల గొట్టానికి రాగి తీగ చుట్టి, కలిసేచోట టంకం పెడితే చక్రం సిద్ధం. అద్దం దించే పిడి 10 సెం.మీ. అయితే మనకు 4 మి.మీ. తలుపు లోపలి తొడుగుకు ఆఫ్‌సెట్ ప్లేటు, దానిమీద గోరుతో నొక్కిన గీతలు.

తలుపు మూసి ఉండటానికి పాడైన ఇయర్‌ఫోన్‌లోని అయస్కాంతపు ముక్కను ద్వారబంధంలో పెట్టవచ్చు. ఇత్తడిని అయస్కాంతం పట్టదు కనుక తలుపు అంచు లోపల గుండుసూది ముక్కను అతికించాలి. చివరగా రంగు. రెండు అంచులకూ కలిపి రంగు 0.1 మి.మీ. తినేస్తుంది. కనుక రంగుకు ముందు సందు 0.4 ఉంచుకుంటే తరువాత 0.3 మిగులుతుంది.

ఎందుకీ శ్రమ?

2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించడం లేదు. తయారీ 2014లోనే ఆగింది. ఒకనాడు కలెక్టరు నుండి పెళ్లికొడుకు వరకు అందరూ ఎక్కిన కారు పాత ఇనుము లెక్కలోకి పోతున్నది. ఫొటోలు మిగులుతాయి, నిజమే. ఫొటోలో తలుపు మందం ఎంతో, మడతబందు ఎక్కడో తెలియదు. ఇంకా ఏదో షెడ్డులో, ఏదో చెట్టు కింద నిలబడి ఉన్న కారును యజమాని అనుమతితో టేపు పట్టి కొలిచి, నోటుబుక్కులో రాసుకోగలిగిన అవకాశం దాదాపుగా మన తరానికే చివరిది.

మరొకటి కూడా ఉన్నది. కాలేజీ ఎగ్జిబిషన్ వస్తే థర్మాకోల్ నమూనా కొని తెచ్చి బల్ల మీద పెట్టే అలవాటు పెరిగింది. సైన్ విలువ తెలిసిన విద్యార్థికి రేకు తట్టడం రాదు. రేకు తట్టే పనివాడిని సైన్ గురించి ఎవరూ అడగలేదు. ఆయన కంటికి, చేతికి ఆ లెక్క మరో రూపంలో తెలుసు. జనగామ నుండి పెంబర్తికి ఎంతో దూరం లేదు. ఒక ఆదివారం నోటుబుక్కు, స్క్రూగేజి పట్టుకొని వెళ్లి, రేకు కాల్చడం ఎట్లానో చూపమని వినయంగా అడగండి. చూపిన సమయానికి తగిన ప్రతిఫలం ఇవ్వడం మరవకండి, అది వారి బతుకుతెరువు.

వచ్చే సంవత్సరం మన ఎగ్జిబిషన్ బల్ల మీద ఒక చిన్న అంబాసిడర్ నిలబడాలి. పక్కనే దాని కొలతల నోటుబుక్కు ఉండాలి. నాలుగు తలుపులూ ఒకేసారి కుదరకపోయినా ఫరవాలేదు. ముందు ఒక్క తలుపుతో మొదలుపెట్టండి.