స్వలింగ సంబంధాల వివాదంలో ఆంగ్లికన్ సంఘాన్ని పెద్దలు ఎలా కలిపి ఉంచజూశారు?

మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) కూడా సభ్యత్వమున్న ఆంగ్లికన్ కూటమికి పోప్ లాంటి అధికారి లేరు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సభకు పిలవగలరు గానీ శాసించలేరు. స్వలింగ సంపర్కం లేఖనవిరుద్ధమని 1998 లాంబెత్ సభ (ప్రపంచ ఆంగ్లికన్ బిషప్‌ల సమావేశం) తీర్మానిస్తూనే, స్వలింగ ఆకర్షణ గలవారి అనుభవాలు వినాలనీ కోరింది. 2003లో అమెరికాలో స్వలింగ సంబంధంలో ఉన్న జీన్ రాబిన్సన్ బిషప్ కావడంతో చిచ్చు రేగింది. నాటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ 2008 లాంబెత్ సభలో తీర్మానాలు పక్కనపెట్టి, దక్షిణాఫ్రికా జులూల ‘ఇండాబా’ (సంప్రదింపుల సభ) తరహాలో బిషప్‌లను గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆలోచన మంచిదే. కానీ రాబిన్సన్‌కు ఆహ్వానం లేదు, నైజీరియా, ఉగాండా బిషప్‌లు రాలేదు. ఎదురెదురుగా కూర్చోవలసినవాళ్లే కరువయ్యారు. 2022 సభలో అప్పటి ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రెండు పక్షాల నిజాయితీనీ గుర్తించి, ఏ సంఘాన్నీ వెలివేసే అధికారం తనకు లేదన్నారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ సంఘం స్వలింగ జంటలకు ఆశీర్వాద ప్రార్థనలను సమర్థించగానే, ‘గ్లోబల్ సౌత్’ సంఘాల పెద్దలు పలువురు ఆయన నాయకత్వాన్ని నిరాకరించారు.