కార్బన్ లెక్క కిల్న్ దగ్గరే మొదలవుతుంది

వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. జగ్గయ్యపేట, మాచర్ల, హుజూర్‌నగర్, తాండూరు, ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీల ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఇది పాత పాఠమే. కోట్ల ఏళ్లుగా రాయిలో కదలకుండా ఉన్న కార్బన్ ఒక్క షిఫ్టులో చిమ్నీ ఎక్కేస్తోంది. ఇన్నాళ్లూ దాని లెక్క ఎవరికీ పట్టలేదు, ఇప్పుడు ప్రభుత్వం అడుగుతోంది.

కేంద్రం 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, కాగితం, క్లోర్-ఆల్కలీ ఫ్యాక్టరీలకు టార్గెట్లు ఇచ్చింది. టన్ను సరుకుకు ఇంతకు మించి వదలకూడదన్నది షరతు. అంతకన్నా తగ్గిస్తే సర్టిఫికెట్లు వస్తాయి, ఒక్కోటి ఒక టన్నుకు. మించితే బయట కొనుక్కోవాలి. అంటే లాగ్ షీట్‌లో మీరు రాసే అంకెకు ఇప్పుడు ధర పలుకుతుంది.

అందుకే 'కార్బన్ ఉద్యోగాలకు ఏ కోర్సు చేయాలి?' అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: ముందు డబ్బు కట్టకండి. రెండు రోజుల ఆన్‌లైన్ క్లాసు చెప్పి రంగుల సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లు పుట్టగొడుగుల్లా లేచారు. ప్రీహీటర్ ముఖం చూడనివాడికి ఆ కాగితం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మీకు ఫ్యాక్టరీ పని ముందే తెలుసు. తెలియనిది దాన్ని కార్బన్ భాషలో చెప్పడం మాత్రమే.

ఆ భాషేమీ బ్రహ్మవిద్య కాదు. టన్ను క్లింకర్‌కు రాయి నుంచే అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గు, పెట్‌కోక్ కాల్చినందుకు వచ్చేది దానికి అదనం. మిల్లులు లాగే కరెంటు గ్రిడ్‌దైతే యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, జనరేటర్‌లో పోసే డీజిల్‌కు లీటరుకు 2.7 కిలోల దాకా కలపాలి. ఈ నాలుగు పద్దులు పెట్టుకుని మీ ఫ్యాక్టరీ నిరుటి లెక్క ఒక్కసారి మీరే వేసి చూడండి. రాయి వాటాయే పెద్దదని తేలుతుంది. ఫ్లై యాష్, స్లాగ్ కలిపి క్లింకర్ వాడకం తగ్గించమని మేనేజ్‌మెంట్ ఎందుకు వెంటపడుతోందో అప్పుడు అర్థమవుతుంది. బర్నర్ ఎంత బాగా సర్దినా రాయి నుంచి వచ్చేది తగ్గదు.

లెక్క కంటే పెద్ద పని ఆ లెక్కను నిలబెట్టడం. తనిఖీకి వచ్చిన వెరిఫయర్ ఫలితం దగ్గర ఆగడు, ఈ అంకె ఎక్కడిదని అడుగుతాడు. వే ఫీడర్‌కు కాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు? బొగ్గు తేమ ఏ రోజు శాంపిల్‌ది? వేబ్రిడ్జి చీటీకి, స్టోర్స్ పుస్తకానికి తేడా ఎందుకొచ్చింది? వీటికి జవాబు ఏసీ గదిలో కూర్చున్న కన్సల్టెంటు దగ్గర ఉండదు. షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గర, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ దగ్గర, ల్యాబ్ కెమిస్టు దగ్గర ఉంటుంది. రీడింగ్ తీయని గంటకు పై గంట అంకెనే దించేసే అలవాటు మన దగ్గర బాగానే ఉంది. దాన్ని మానుకోండి. మీటరు చెడితే 'మీటరు చెడింది' అనే రాయండి.

పరీక్ష రాయాలనుకుంటే రాయదగింది ఒకటుంది. ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ, ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ సర్టిఫికెట్లు ఇస్తుంది. మేనేజర్‌కు మూడు పేపర్లు, ఆడిటర్‌కు నాలుగు. బీటెక్ వాళ్లకు మూడేళ్లు, డిప్లొమా వాళ్లకు ఆరేళ్ల అనుభవం కావాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకు కూడా దారి ఉంది, కాకపోతే డిగ్రీలో ఫిజిక్స్, లెక్కలు చదివి ఉండాలి. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌తో సరిచూసుకోండి. పుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు చూసి జంకేవాళ్లు రెండో పుస్తకంతో మొదలుపెట్టండి. బాయిలర్లు, ఫర్నేసులు, ఇన్సులేషన్... మీరు రోజూ చూసేవే. పెద్ద సిమెంటు ఫ్యాక్టరీల్లో ఎనర్జీ మేనేజర్ ఉండి తీరాలని చట్టమే చెబుతోంది కాబట్టి ఈ సర్టిఫికెట్‌కు విలువ ఉంది.

ఈ సలహా అందరికీ సమానంగా పనికిరాదు. కాంట్రాక్టు మీద బస్తాలు ఎత్తేవాళ్లకు, లోడింగ్ చేసేవాళ్లకు కార్బన్ మార్కెట్ వల్ల కూలి పెరుగుతుందని నేను చెప్పలేను. ఐటీఐ చదివినవాళ్లకు మాత్రం ఒక దారి కనిపిస్తోంది. కిల్న్ నుంచి వృథాగా పోయే వేడితో కరెంటు తీసే ప్లాంట్లు వస్తున్నాయి. వాటిలో బాయిలర్లుంటాయి, బాయిలర్ నడపాలంటే సర్టిఫికెట్ ఉన్న మనిషి తప్పనిసరి. బాయిలర్ అటెండెంట్ పరీక్ష మీద పెట్టిన ఏడాది వృథా పోదు. పొగలోంచి కార్బన్ పట్టి దాచే యంత్రాల ఉద్యోగాల కోసమైతే ఇప్పుడే ఎదురుచూడకండి. మన దేశంలో అది ఇంకా ప్రయోగాల దశ దాటలేదు.

జీతం వెంటనే పెరుగుతుందని హామీ లేదు. కానీ వెరిఫయర్ వచ్చిన రోజు మేనేజరు ఎవరిని పిలుస్తాడో మీకు తెలుసు. రేపు డ్యూటీకి వెళ్లగానే మీ సెక్షన్ వే ఫీడర్‌కు చివరిసారి కాలిబ్రేషన్ ఎప్పుడు జరిగిందో అడగండి. తేదీ ఎవరూ చెప్పలేకపోతే ఆ రిజిస్టరు మీరే మొదలుపెట్టండి.