కాలివ్రేలి ఆనెకాయకు వైద్యునిచే చికిత్స

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభింపబడినది. ఉత్తరాంధ్రమునుండి పోయి అచట స్థిరపడిన తెలుగువారు పెక్కురు. అట్టి పనిలో ముందుభాగమున ఉక్కురేకు గల బూట్లు తప్పనిసరిగా తొడుగవలెను. బూటు ఇరుకైనచో అది కాలివ్రేలిని దినమంతయు ఒరయును. ఆ యొరపిడికి చర్మము గట్టిపడి, నడుమ మేకుమొనవలె లోనికి దిగి నొప్పించును. ఇదియే ఆనెకాయ. దీనికి వేరు కలదనియు, దానిని పెరికినగాని పోదనియు పలువురు నమ్ముదురు. వేరు లేదు, ఒత్తిడియే కలదు.

కావున ఇంట బ్లేడుతో కోసికొనుట వ్యర్థము. మధుమేహరోగులకు మిక్కిలి అపాయకరము. వారి పాదములకు స్పర్శ తగ్గి రక్తప్రసారము మందగించియుండుటచే చిన్నగాటు పుండై, కుళ్ళి, కాలు తీయవలసి రావచ్చును. అంగళ్ళలో దొరకు ఆనెపట్టీలలోని శాలిసిలిక్ ఆమ్లము మంచి చర్మమును గూడ తినివేయును గనుక వారు దానిని ముట్టరాదు. భిలాయివారికి 9వ సెక్టారున జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి కలదు.

వైద్యుడు పదునైన కత్తితో గట్టిపొరను పలుచగా చెక్కి నడిమి మొనను తీయును. మత్తుమందు సాధారణముగా అక్కరలేదు. చెక్కునపుడు సన్నని రక్తబిందువులు కానవచ్చినచో అది పులిపిరి కావచ్చును. దాని చికిత్స వేరు. రోగి పనిలో తొడుగు బూట్లను వెంట గొనిపోవలెను. ఇంటి చెప్పులతో పోయినచో వైద్యునికి కారణము కనబడదు. బూటు మారనిచో ఆనె మరల పుట్టును. క్రొత్తబూటునకు కొలత సాయంకాలము, పాదము కొంత ఉబ్బియుండు వేళ, మేజోళ్ళతోనే ఇయ్యవలెను.