హెక్టిక్ – క్షణం తీరిక లేని రోజు

పిల్లలూ, ఆదివారం అమ్మమ్మ ఫోన్ చేసి "ఎలా ఉన్నావు కన్నా?" అంటే, "ఈ వారం చాలా హెక్టిక్ అమ్మమ్మా" అంటాం. ఆవిడకి ఆ మాట తెలీక, ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడుతుంది. నిజానికి ఇంగ్లీషులో ఒకప్పుడు క్షయ రోగులకు వచ్చే జ్వరానికి ఈ మాట వాడేవారు. హడావుడి అనే అర్థం తర్వాత వచ్చింది!

గుర్తుంచుకోండి: రోజు, వారం, పని హెక్టిక్‌గా ఉంటాయి. మనిషి మాత్రం బిజీగా ఉంటాడు.

తెలుగులో ఇలా చెప్పండి:
• రోజు గురించి: "ఇవాళంతా హడావుడిగా గడిచింది."
• పని గురించి: "ఊపిరి సలపనంత పని ఉంది."
• మన గురించి: "నాకు క్షణం తీరిక లేదు."

అభ్యాసం: ఈ వారం మీకు తీరిక లేని రోజు ఏది? ఎందుకు? రెండు వాక్యాలు రాయండి. వాటినే అమ్మమ్మకి ఫోన్‌లో చెప్పండి.