చీకటిలో చలనమును పట్టు మెఱపు దీపము - దాని నెంచుకొను విధము



పరుగెత్తుచున్న వానిని పగటివేళ ఛాయాచిత్రమున పట్టుట సులభము. రాత్రివేళ పట్టుట కష్టము. పగలు సూర్యుని వెలుగు సమృద్ధిగా నుండును గనుక కెమెరా షట్టరు సెకనులో వెయ్యవ వంతు తెఱచుకొన్నను చాలును. రాత్రి ఆటస్థలమున దీపము లెన్ని యున్నను ఆ వెలుగు పగటి వెలుగులో స్వల్పభాగమే. షట్టరు నెక్కువసేపు తెఱచినచో ఆటగాడు కదలి బొమ్మ చెదరును. తక్కువసేపు తెఱచినచో చీకటి తప్ప మఱేమియు కానరాదు.

మన పెద్దపల్లి ప్రాంతమున బతుకమ్మ, కోలాటము, చిందు యక్షగానము, దీపముల క్రింద ఆడు కబడ్డీ, ఇవి యన్నియు పొద్దు గ్రుంకిన పిదపనే కళకట్టును. వీనిని చిత్రింపగోరు బాలబాలికలు మెఱపు దీపము, అనగా స్ట్రోబు లేక ఫ్లాష్, కొనిపెట్టుడని తల్లిదండ్రుల నడుగుచున్నారు. ఏది కొనవలెను? ఎంత వ్యయము చేయవలెను? ధనము వ్యర్థము కాకుండ ఈ ప్రశ్నలకు సమాధానము కనుగొనుటయే యీ పాఠముయొక్క ఉద్దేశము.

1. చలనమును నిలుపున దేది?

ఎంత ప్రకాశమైన దీపమైన అంత మంచిదని పలువురు తలంతురు. అది సరి కాదు. చలనమును నిలుపునది మెఱపుయొక్క ప్రకాశము గాదు. అది వెలిగి యాఱు కాలముయొక్క అల్పత్వము. చీకటిలో షట్టరు తెఱచియున్నను, మెఱపు వెలిగిన క్షణమే బొమ్మగా పడును. కావున మెఱపే నిజమైన షట్టరు.

ఇంగ్లండు దేశస్థుడగు ఫాక్స్ టాల్బట్ 1851 లో ఈ సంగతిని నిరూపించెను. ఆయన వేగముగ తిరుగు చక్రమునకు అచ్చుకాగితమును అంటించి, విద్యుత్ స్ఫులింగపు వెలుగున చిత్రము తీయగా అక్షరములు స్పష్టముగ కనబడెను. 1887 లో జర్మనీలో మెగ్నీషియము కలిసిన మెఱపుపొడి వచ్చెను. అది పొగయు, అపాయమును గలది. 1929 లో మెఱపు బల్బులు వచ్చెను; ఒక్కొక్క బల్బు ఒక్కసారి మాత్రమే వెలుగును. 1931 మొదలు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుత్ స్ట్రోబు దీపమును వృద్ధిచేసి, పాలచుక్క చిందుటను, తుపాకి గుండు ఆపిలుపండును చీల్చుటను చిత్రించి చూపెను. నేడు మన మంగడిలో కొను చిన్న ఫ్లాష్ ఆ దీపమునకు సంతానమే.

2. ఒక లెక్క

కబడ్డీ ఆటగాడు సెకనుకు 6 మీటర్ల వేగమున దుమికె ననుకొందము. మెఱపు సెకనులో 200 వ వంతు నిలిచినచో, ఆ కాలమున వాడు 3 సెంటీమీటర్లు కదలును, వ్రేళ్లు చెదరిపోవును. మెఱపు 5000 వ వంతు మాత్రమే నిలిచినచో, వాడు కదలునది 1.2 మిల్లీమీటర్లు, చెమటబిందువు సైతము స్పష్టముగ పడును.

చిన్న ఫ్లాష్‌లో కెపాసిటరు విద్యుత్తును నిలువచేసి గాజుగొట్టము ద్వారా ఒక్క పెట్టున విడుచును. పూర్ణశక్తి నుంచినచో అంతయు విడుచును గనుక మెఱపు దీర్ఘము. శక్తిని 16 వ వంతునకు తగ్గించినచో ఒక విద్యుత్ మీట ఆ ప్రవాహమును మధ్యలోనే త్రెంచును. మెఱపు చాల హ్రస్వమగును. ఉదాహరణమునకు, గోడాక్స్ టీటీ600 అను చవక ఫ్లాష్‌లో మెఱపు కాలము పూర్ణశక్తియందు సెకనులో 230 వ వంతు, కనిష్ఠశక్తియందు 20,000 వ వంతు. అనగా చవక దీపమునే తక్కువ శక్తిలో వాడినవాడు, ఖరీదైన దీపమును పూర్ణశక్తితో వెలిగించినవానికంటె నిశ్చలమైన బొమ్మను తీయగలడు.

అయితే స్టూడియో దీపములు కొన్ని యిట్లు త్రెంచక, వోల్టేజిని తగ్గించి శక్తిని తగ్గించును. అట్టివానిలో శక్తి తగ్గిన కొలది మెఱపు మఱింత దీర్ఘమగును. చలనమును పట్టుటకు అవి తగవు. సెల్‌ఫోను దీపమును నిట్టిదే: అది మెఱపు గాదు, కొంతసేపు నిలుచు వెలుగు.

3. తక్కువ శక్తి చాలునా?

ఫ్లాష్ బలమును గైడ్ నంబరుతో కొలుతురు. దానిని లెన్సుయొక్క ఎఫ్ సంఖ్యచే భాగించినచో వెలుగు చేరు దూరము మీటర్లలో వచ్చును. ఐఎస్‌ఓ 100 వద్ద గైడ్ నంబరు 36 అనుకొందము. శక్తిని 16 వ వంతు చేసినచో ఆ సంఖ్య 4 వ వంతు, అనగా 9 అగును. ఐఎస్‌ఓను 1600 చేసినచో అది 4 రెట్లయి మఱల 36 అగును. ఎఫ్ 4 వద్ద 36 ను 4 చే భాగింపగా 9 మీటర్లు. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గలది. కావున ప్రక్కగీత దగ్గఱ నిలిచినవానికి ఇది చాలును.

పెట్టెమీద వ్రాసిన సంఖ్యను చూచి మోసపోకుడు. పైని చెప్పిన ఫ్లాష్‌కు వ్రాసిన 60 అను సంఖ్య, వెలుగును 200 మిల్లీమీటర్ల జూమ్ స్థితికి ఇఱుకుగ చేర్చినప్పటిది. వెలుగు వెడల్పుగ ప్రసరించునప్పుడు అది చాల తగ్గును. దూరము సగమైనచో వెలుగు నాలుగింతలగును గనుక దీపమును దగ్గఱకు చేర్చుటయే అన్నిటికంటె చవకయైన బలము. ఒక ఖరీదైన దీపముకంటె రెండు చవక దీపము లుంచినచో, మెఱపు దీర్ఘము కాకయే వెలుగు రెట్టింపగును.

4. కొనునప్పుడు చూడవలసినవి

మొదటిది, శక్తిని చేతితో 128 వ వంతువఱకు తగ్గించు వీలుండవలెను. దానంతట అది వెలుగును కొలుచుకొను ఏర్పాటు లేకున్నను లోటు లేదు.

రెండవది, మఱల చార్జి పెట్టదగిన నాలుగు ఏఏ బ్యాటరీలతో పనిచేయవలెను. తక్కువ శక్తిలో ఫ్లాష్ వెంటనే సిద్ధమగును. బ్యాటరీలు చాలసేపు వచ్చును.

మూడవది, కెమెరాకు దూరముగ నిలిపి రేడియో ద్వారా వెలిగించు వీలుండవలెను.

నాలుగవది, మిగుల పాత ఫ్లాష్ చవకగ దొరికినను తొందరపడి క్రొత్త కెమెరాపై నమర్చరాదు. కొన్నిటి ట్రిగ్గరు వోల్టేజి 200 వోల్టులకు మించి యుండి కెమెరాను చెఱుపును.

హైస్పీడ్ సింక్ అను ఏర్పాటునకై అధికధనము వెచ్చింపనక్కఱలేదు. అది పగటివేళ నుపయోగించును. చీకటిలో వెలుగును వ్యర్థము చేయును. షట్టరును సెకనులో 200 వ వంతున నుంచి, కెమెరా అందు కంగీకరించునో లేదో చూచుకొనుడు.

5. కొనకముందు పరీక్ష

సీలింగు ఫ్యాను ఱెక్క చివర అచ్చుకాగితపు ముక్క నంటించి, గది చీకటి చేసి, ఫ్యానును పూర్తివేగమున త్రిప్పుడు. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషమునకు 300 సారులు తిరిగినచో ఱెక్క చివర సెకనుకు సుమారు 19 మీటర్లు పోవును. ఒక చిత్రము పూర్ణశక్తితోను, ఒకటి 16 వ వంతు శక్తితోను తీయుడు. రెండవదానిలో కాగితపు అంచు స్పష్టపడినచో దీపము మంచిదే. ఇది టాల్బట్ ప్రయోగమే. మీ యింట చేయదగినది.

6. మర్యాదయు, జాగ్రత్తయు

ఫ్లాష్‌ను విప్పరాదు. దాని కెపాసిటరులో సుమారు 300 వోల్టులు, బ్యాటరీలు తీసిన తరువాతను, నిలిచి యుండగలవు. సెకనుకు 3 నుండి 30 సారులు వెలుగు మెఱపుల వలన కొందఱు మూర్ఛరోగులకు మూర్ఛ రాగలదు. కావున గుంపులో వరుస మెఱపులు తగవు. కూతకు వచ్చినవాని కన్నులలోనికి మెఱపును విసరరాదు. దీపమును ప్రక్కనుండి, తలకంటె ఎత్తున నిలుపవలెను. స్టాండు పడకుండ ఇసుకసంచి కట్టవలెను.

ఆదిలాబాదు ప్రాంతపు రాజగోండులు దీపావళి దినములలో జరుపు దండారి యందు, నెమలియీకల కిరీటములు ధరించి గుస్సాడీ నృత్యము చేయుదురు. ఆ నృత్యమునకై మార్లవాయి వాసియగు కనకరాజుగారు 2021 లో పద్మశ్రీ పొంది, 2024 లో దివంగతులైరి. ఆ గ్రామముననే 1940 ప్రాంతములలో నివసించిన హైమన్‌డార్ఫ్ పండితుడు గోండుల జీవితమును ఛాయాచిత్రములలో నిలిపెను. వారితో నివసించి, వారి భాష నేర్చి ఆయన చిత్రములు తీసెను. దీపమున్నదని ముందుకు దూకక, పెద్దల యనుమతి నడిగి, పూజాసమయమున మెఱపు నాపుట మనకును విధి.

కావున తల్లిదండ్రులకు మా మనవి యేమన: అప్పుచేసి పెద్ద దీపము కొనవలదు. సామాన్యమైన దీపమొకటి కొని, లెక్కను పిల్లలకు విడువుడు. మన యూరి ఆటపాటలు చీకటిలో జరుగుచున్నవి గనుక, వాని జ్ఞాపకము నిలుచుట మన పిల్లల చేతులలో నున్నది. ఆ చేతులకు ధనముకంటె కొలతయు, ఓర్పును అవసరము.