రెండు స్వర్ణాల నడుమ పదకొండేళ్లు

విజేతల జీవితాలను సాధారణంగా పతకం గెలిచిన రోజు నుంచి వెనక్కి చదవడం పరిపాటి గనుక, ఒక పతకానికీ మరో పతకానికీ నడుమ గడిచిన కాలం పాఠకుని కంటికి ఆనదు. 1996లో నిజామాబాద్‌లో జన్మించిన బాక్సర్ నిఖత్ జరీన్ జీవితంలో ఆ కాలం పదకొండేళ్లు: 2011లో తుర్కియేలో జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచిన ఆమె, సీనియర్ ప్రపంచ విజేత అయినది 2022 మే 19న, అదే దేశంలోని ఇస్తాంబుల్‌లో. నిజామాబాద్ జిల్లాలోని ధర్పల్లి, బోధన్ ప్రాంతాల యువత శ్రద్ధగా చదవవలసినది ఈ నడిమి అధ్యాయాన్నే.

2017లో ఆమె భుజం కీలు తప్పి, శస్త్రచికిత్స అవసరమైంది. గుద్దు బలం పాదంలో పుట్టి, నడుము మలుపు మీదుగా భుజానికి చేరి పిడికిలిలో ముగుస్తుంది కాబట్టి, ఆ కీలు మానిన తరువాత కూడా చేతిని మునుపటిలా విసరగలనన్న నమ్మకాన్ని బాక్సర్ మళ్లీ మొదటి నుంచి కూడగట్టుకోవలసి ఉంటుంది. చెరకు నరికిన మోడు నుంచి లేచే కార్శి తోటకు, కొత్తగా నాటిన తోటకన్నా నత్రజని ఎక్కువ కావాలని బోధన్ రైతుకు తెలిసినదే; గాయం నుంచి తిరిగి లేచే క్రీడాకారిణి సంగతీ అంతే.

అంతకన్నా విలువైన ఘట్టం 2019 డిసెంబరునాటిది. ఒలింపిక్ అర్హత పోటీలకు వెళ్లేదెవరో తేల్చే ఎంపిక పోటీ జరిపించాలని, మేరీ కోమ్ వంటి మహా క్రీడాకారిణి ఎదుట ఉన్నప్పటికీ, నిఖత్ బహిరంగంగా అడిగి సాధించి, ఆ పోటీలో 9–1 తేడాతో ఓడిపోయింది. తనకు స్థానం కావాలని అడగడం సులభం. ఓడే అవకాశమే ఎక్కువని తెలిసీ పోటీ జరగాలని అడగడానికి వేరే ధైర్యం కావాలి, ఆ ధైర్యమే ఆమె వ్యక్తిత్వానికి మూలకందం.

ఇస్తాంబుల్‌లో గెలిచినది 52 కిలోల విభాగంలో కాగా, ఆ విభాగం పారిస్ ఒలింపిక్స్‌లో లేనందున, బలం తరగకుండా బరువు తగ్గించుకొని 50 కిలోలకు మారి, 2022లో కామన్వెల్త్ స్వర్ణాన్నీ 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ కిరీటాన్నీ గెలుచుకున్నది. ఇస్తాంబుల్ ఫైనల్లో ఫలితం 5–0, అంటే అయిదుగురు న్యాయనిర్ణేతలూ ఆమెనే విజేతగా ఎంచారు. 2024లో పారిస్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడినప్పుడు కూడా ఫలితం అదే 5–0.